గోడమీది బొమ్మ, తెరమీది తునక

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రతీరానికి పోయే బస్సులో కూర్చున్న వానికి దారి పొడవునా గోడల మీద సినిమా పోస్టర్లు కనిపిస్తూనే ఉంటాయి. బస్సు ఆగదు, పోస్టరు కదలదు. చూపు దానిమీద నిలిచేది రెండు సెకన్లు మాత్రమే. అయినా ఆ రెండు సెకన్లలోనే ఒక ప్రయాణికుడు పక్కవానితో "ఇదే గదా మొన్న చూసిన ట్రైలరు" అంటాడు. మరొక పోస్టరు దానికంటె రెండింతలు పెద్దదై, రంగులతో నిండి ఉన్నా, దాని మాట ఎవరూ ఎత్తరు. ఈ తేడాకు కారణమేమి? మొదటి బొమ్మ వేసినవాడు నేర్పరి, రెండవవాడు కాడు అని చెప్పి ఊరుకోవచ్చును. కాని అసలు కారణం చాలావరకు గోడమీద లేదు. అది చూసేవాని జ్ఞాపకంలో ఉన్నది.

ట్రైలరు అనే మాటకు వెనుక ఈడ్చుకొని వచ్చేది అని అర్థం. తొలిరోజులలో ఈ తునకను అసలు చిత్రం అయిపోయిన తరువాత చూపేవారు కనుక ఆ పేరు వచ్చింది. అమెరికాలో 1913లో మార్కస్ లో అనే ఆయన థియేటర్లకు ప్రచారం చూసే నిల్స్ గ్రాన్‌లండ్, రాబోయే ఒక సంగీత నాటకం కోసం చిన్న చలనచిత్రం చేయించి తెరమీద చూపించాడు. సాధారణంగా మొదటి ట్రైలరుగా దానినే లెక్కిస్తారు. చిత్రం అయిపోగానే జనం లేచిపోతారు గనుక, తరువాతి కాలంలో ట్రైలరు ముందుకు జరిగింది. పేరు మాత్రం మారలేదు.

ఆ దేశంలోనే 1919లో నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ ఏర్పడి, వేరు వేరు చిత్రసంస్థల ట్రైలర్లు తయారుచేసి థియేటర్లకు అందజేయసాగింది. 1940 నుంచి పోస్టర్లు, స్టిల్ ఫోటోలు పంపే పని కూడా అదే చేపట్టింది. తెరమీది తునక, గోడమీది కాగితం ఒకే గిడ్డంగి నుంచి, ఒకే పట్టీ ప్రకారం బయలుదేరడం మొదలైంది. ఇది వ్యాపార సౌకర్యం కోసం జరిగిన పనే. అయితే ఈ రెండూ ఒకదానికొకటి తోడు కావాలి అనే ఆలోచన అందులో ఇమిడి ఉన్నది.

తెలుగు దేశంలో కథ మరొక విధంగా నడిచింది. మొదటి తెలుగు మాటల చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అప్పటినుంచి చాలాకాలం పల్లెలకు సినిమా కబురు తెచ్చింది ట్రైలరు కాదు, బండి. రెండెడ్ల బండికి ఇరుపక్కలా తడికెలు కట్టి, వాటికి పోస్టర్లు అంటించి, ముందు తప్పెట కొట్టుకుంటూ ఊరూరా తిప్పేవారు. వెనుక పరుగెత్తే పిల్లలకు కరపత్రాలు విసిరేవారు. ఆట దగ్గర అమ్మే పాటల పుస్తకం కూడా ఒక విధమైన ట్రైలరే. అందులో కథ ముప్పాతిక వంతు చెప్పి, సరిగ్గా చిక్కుముడి బిగిసే చోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. చిత్రం చూసి వచ్చినవాడు ఆ పుస్తకాన్ని దాచుకొని పాటలు పాడుకునేవాడు. ఇంటిలోని మిగిలినవారు ఆ పాట విని ఆటకు పోయేవారు. అచ్చు కాగితం, చెవిన పడ్డ పాట కలిసి చేసిన పని అది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉన్నది. ‘మాయాబజార్’ (1957) నాటి చిత్రాలు దాదాపు అన్నీ నలుపు తెలుపులలో తీసినవే. వాటి పోస్టర్లు మాత్రం ఎరుపు, పసుపు, నీలం రంగులతో వెలిగిపోయేవి. చిత్రకారుడు నలుపు తెలుపు ఫోటోను ఎదుట పెట్టుకొని, నగలకు, చీరెలకు తన ఊహ ప్రకారం రంగులు వేసేవాడు. తెరమీద చూసిన దానికీ గోడమీద ఉన్న దానికీ రంగులో పొత్తు లేదన్నమాట. మరి జనం ఎలా పోల్చుకున్నారు? ముఖాన్ని బట్టి, కిరీటాన్ని బట్టి, నటుడు నిలబడే తీరును బట్టి, పేరు రాసిన అక్షరాల వంపును బట్టి. మొత్తం కథంతా రంగులలో తీసిన తొలి తెలుగు చిత్రం ‘లవకుశ’ (1963) వచ్చాకనే రంగు కూడా ఆనవాళ్ళలో చేరింది. అంటే రంగు ఆలస్యంగా వచ్చిన సాక్షి. ముఖమూ అక్షరమూ పాత సాక్షులు. నేటికీ పోస్టర్లు వేసేవారు రంగుమీద పెట్టినంత శ్రద్ధ అక్షరాలమీద పెట్టకపోవడం చూస్తే ఈ వరుసను మరచినట్లు కనిపిస్తుంది. బాపు స్వయంగా చిత్రకారుడు, దర్శకుడు కూడా. ఆయన చేతిరాతను దూరం నుంచే పోల్చేవారు. ఆయన ‘సాక్షి’ (1967) చిత్రంతోనే పోస్టర్ల పనిలోకి వచ్చిన ఈశ్వర్, ఆ తరువాత వందల చిత్రాలకు ప్రచార చిత్రాలు గీసి, ‘సినిమా పోస్టర్’ అనే పేరుతో ఆ కళను గురించి పుస్తకమే రాశాడు.

ఇక జ్ఞాపకం సంగతి. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తానే వల్లించి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. గంట గడిచేసరికే సగానికి పైగా పోయింది. ఒక రోజుకు మూడింట రెండు వంతులు పోయింది. ఆ తరువాత మరపు వేగం తగ్గి, మిగిలినది చాలాకాలం నిలిచింది. సినిమా దృశ్యాలు అర్థంలేని అక్షరాలు కావు గనుక అంత త్వరగా పోవు. అయినా మరపు వంపు అదే తీరున ఉంటుంది. మొదట నిట్టనిలువుగా, తరువాత చదునుగా.

రెండున్నర నిమిషాల ట్రైలరును లెక్కకు తీసుకుందాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రొజెక్టరులో సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే ఆ ట్రైలరు పొడవు 225 అడుగులు, అందులోని బొమ్మలు 3,600. ఒక్కొక్క దృశ్యఖండం రెండు సెకన్లే ఉన్నదనుకుంటే 75 ఖండాలు. వారం తరువాత ప్రేక్షకుని అడిగితే అందులో రెండో మూడో చెబుతాడు. మిగిలినవి పూర్తిగా చెరిగిపోయాయా? లేదు. 1973లో ఎండెల్ టల్వింగ్, డోనాల్డ్ థామ్సన్ అనే శాస్త్రజ్ఞులు చూపించినదేమంటే, జ్ఞాపకంలో ఉండీ పైకి రాని విషయాన్ని తగిన ఆనవాలు ఒకటి అందిస్తే అది బయటికి వస్తుంది. అయితే ఆ ఆనవాలు నేర్చుకునే సమయంలో ఆ విషయంతో పాటు మనస్సులో చేరినదై ఉండాలి. తరువాత కొత్తగా తెచ్చినది, ఎంత దగ్గర సంబంధం ఉన్నదైనా, అంతగా పనిచేయదు.

సముద్రతీరం వారికి నచ్చే ప్రయోగం మరొకటి ఉన్నది. 1975లో బ్రిటన్‌లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు, నీటిలో మునిగి పనిచేసేవారికి కొన్ని మాటలు ఒడ్డున, కొన్ని మాటలు నీటి అడుగున వినిపించారు. నీటిలో విన్న మాటలు నీటిలోనే ఎక్కువగా గుర్తుకు వచ్చాయి. ఒడ్డున విన్నవి ఒడ్డునే ఎక్కువగా గుర్తుకు వచ్చాయి. చుట్టూ ఉన్న పరిసరం కూడా ఆనవాలే అయిందన్నమాట.

పోస్టరు చేయవలసిన పని దీనితో తేటపడుతుంది. అది కథ చెప్పనక్కరలేదు, అందులో అందరి ముఖాలు ఉండనక్కరలేదు. ట్రైలరులో చూసి, సగం మరచిపోయిన దానిని తట్టి లేపితే చాలును. ఒక చిత్రం ట్రైలరులో చీకటి నీటిమీద పడవ, పడవ కొమ్మున వేలాడే ఎర్రని లాంతరు కనిపించాయనుకుందాం. పోస్టరులో ఆ లాంతరు, ఆ చీకటి, ట్రైలరు చివర పడిన అదే అక్షరాలలో చిత్రం పేరు ఉంటే, చూసేవాని మనస్సులో పడవ తానే కదులుతుంది, ఆ వెనుక వినిపించిన పాట తానే మోగుతుంది. దానికి బదులు ఫోటో స్టూడియోలో వేరుగా తీసిన నాయకుని బొమ్మ, ట్రైలరులో లేని చొక్కాతో, లేని నవ్వుతో వేస్తే, అది అందమైన పోస్టరే కావచ్చును, కాని జ్ఞాపకానికి తాళంచెవి కాదు. ట్రైలరుకు ఒక చోట, పోస్టరుకు మరొక చోట, ఒకరి పని ఒకరు చూడకుండా చేయించే అలవాటువల్ల ఇటువంటి నష్టం తరచుగా కలుగుతుంది.

తాళంచెవికీ తాళానికీ పొత్తు కుదిర్చిన తమాషా ఉదాహరణ తెలుగులోనే ఉన్నది. 1972లో వచ్చిన ‘పాపం పసివాడు’ విమానం కూలి ఎడారిలో చిక్కుకుపోయిన ఒక పిల్లవాని కథ. దాని ప్రచారానికి పట్టణాల మీద విమానం నుంచి కరపత్రాలు వెదజల్లారు. కాగితం మీద ఏమి అచ్చువేశారన్నది తరువాతి మాట. విమానం చప్పుడు విని తల ఎత్తి, గాలిలో తేలి వచ్చిన కాగితాన్ని పట్టుకున్నవానికి కథలోని మొదటి ముక్క అప్పటికే చేతికి వచ్చినట్లే.

జ్ఞాపకం తరువాత కన్ను. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన థియేటరులోని తెర వెడల్పు సుమారు 106 అడుగులు. దానికి 110 అడుగుల దూరంలో కూర్చున్న ప్రేక్షకుని కంటివద్ద ఆ తెర దాదాపు 51 డిగ్రీల కోణం చేస్తుంది. ఆరంగుళాల పొడవున్న ఫోనును అడ్డంగా పట్టుకొని 14 అంగుళాల దూరం నుంచి చూస్తే కోణం సుమారు 24 డిగ్రీలు. 40 అంగుళాల ఎత్తున్న పోస్టరును బస్సులో నుంచి 30 మీటర్ల దూరాన చూస్తే అది 2 డిగ్రీలకు మించదు. పున్నమి చంద్రుడు అర డిగ్రీ. అంటే ఆ పోస్టరు నాలుగు చందమామలను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. ఒకే ముఖం ఈ మూడు కొలతలలోనూ పోల్చేటట్లు ఉండాలి. తెరమీద బ్రహ్మాండంగా ఉన్న యుద్ధదృశ్యం నాలుగు చందమామలలో ఇమడదు. ఒక ముఖం, ఒక చేయి, ఒక వస్తువు ఇముడుతుంది.

అక్షరాలకు లెక్క ఇంకా కచ్చితమైనది. మంచి చూపున్న కన్ను అక్షరాన్ని పోల్చాలంటే అది కనీసం 5 నిమిషాల కోణం (డిగ్రీలో పన్నెండవ వంతు) చేయాలి. అంగుళం ఎత్తు అక్షరానికి ఈ హద్దు 57 అడుగులు. సుఖంగా చదవాలంటే అందులో సగమైనా దగ్గరకు రావాలి. నాలుగంగుళాల అక్షరం సుమారు 100 అడుగుల నుంచి, అంటే 30 మీటర్ల నుంచి, సుఖంగా చదవవచ్చును. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు 15 మీటర్లు నడుస్తుంది. కనుక చదవడానికి దొరికేది రెండు సెకన్లు. ఆ వ్యవధిలో నాలుగైదు మాటలు చదివితే గొప్ప. పైగా తెలుగులో ‘ప’కు, ‘ఫ’కు, ‘ష’కు భేదం చిన్న గీతలలో ఉన్నది. ఒత్తులు, కొమ్ములు అసలు అక్షరంకంటె చిన్నవి. దూరం నుంచి మొదట మాసిపోయేవి అవే. అందువల్ల తెలుగు పేరును ఇంగ్లీషు పేరుకంటె పెద్దదిగా రాయవలసి ఉంటుంది. చాలా పోస్టర్లలో దీనికి తలక్రిందులుగా జరుగుతున్నది. ఇరవై మంది పేర్లు అడుగున చీమలబారులా నింపి, చిత్రం పేరును ఇరుకు చేస్తారు.

నెల్లూరు తీరంలో గాలి, ఎండ, వాన కూడా ప్రచారంలో పాలుపంచుకుంటాయి. పోస్టరు అంటించే జిగురు మైదాపిండిని నీటిలో ఉడికించి చేసినది. దాదాపు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దాటాక పిండిరేణువులు నీటిని పీల్చి ఉబ్బి పగులుతాయి. లోపలి పిండిపదార్థం బయటికి వచ్చి కాగితపు పీచులకు పట్టుకుంటుంది. బూజు, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. సముద్రపు గాలితో వచ్చే ఉప్పుకు తేమను పీల్చే గుణం ఉన్నది కనుక తీరపు గోడ ఎప్పుడూ కొద్దిగా చెమ్మగా ఉంటుంది, జిగురు తిరిగి మెత్తబడుతుంది. ఈ జిల్లాలో వాన ఎక్కువగా పడేది ఈశాన్య ఋతుపవనంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 1989 నవంబరులో పెనుతుఫాను కావలి దగ్గర తీరం దాటింది కూడా ఆ కాలంలోనే. ఆ నెలలలో ఒకసారి అంటించి వదిలేసిన పోస్టరు వారం నిలవడం కష్టం. మరల మరల అంటించాలి.

ఎండ చేసే పని మరొక రకం. అచ్చు పోస్టరులో రంగులన్నీ పసుపు, మెజెంటా, నీలం, నలుపు అనే నాలుగు సిరాల చుక్కల కలయిక. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు పసుపు, మెజెంటా రంగుల అణువులు త్వరగా విరిగిపోతాయి. నీలపు రంగులో రాగి చుట్టూ అల్లుకున్న గట్టి అణువు ఉన్నది. నలుపు కేవలం బొగ్గుపొడి. అవి రెండూ తట్టుకుంటాయి. అందువల్లనే పాత పోస్టర్లలో నటీనటులందరూ నీలివర్ణంతో దేవతలవలె కనిపిస్తారు. పైన చెప్పిన ఎర్రలాంతరు కొన్ని వారాలలో వెలిసిపోయి ఆనవాలుగా పనికిరాకుండా పోతుంది. విడుదల దూరంగా ఉన్న చిత్రానికి రంగుకంటె ఆకారాన్ని, నల్లని అంచును నమ్ముకోవడం క్షేమం.

ఇక ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్న. తెలుగు చిత్రవ్యాపారంలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పడమర, కృష్ణా, గుంటూరులతోపాటు నెల్లూరు ఒక విడి విభాగం. ట్రైలరు, పోస్టరు ఎక్కడో తయారై వస్తాయి. వాటిలో ఏమి ఉండాలన్నది ఇక్కడివారి చేతిలో లేదు. కాని ఏ రోజు, ఏ గోడమీద అన్నది పూర్తిగా ఇక్కడివారి చేతిలోనే ఉన్నది, జ్ఞాపకం దృష్ట్యా అది చిన్న విషయం కాదు. ట్రైలరుకు ముందు ఒక పోస్టరు పడితే ముఖమూ పేరూ పరిచయమవుతాయి. అయితే ట్రైలరు చూసిన మరునాటి నుంచి పడే పోస్టరుకే బలం ఎక్కువ, మరపు వేగంగా సాగేది అప్పుడే గనుక. అదే పోస్టరు ఒకే వీధిలో పది అంటించడం కంటె, రెండేసి రోజుల ఎడంతో వేరు వేరు చోట్ల ఎదురుపడేటట్లు చేయడం మేలు. ఎడమిచ్చి చదివిన పాఠం బాగా నిలుస్తుందన్నదీ ఎబ్బింగ్‌హౌస్ నాటినుంచి తెలిసినదే. చివరి వారంలో బొమ్మ మారకుండా, థియేటరు పేరు, తేదీ మాత్రం పెద్దవి చేయాలి. బొమ్మ మార్చితే అంతవరకు కూడబెట్టిన గుర్తు చెదిరిపోతుంది. నేడు ట్రైలరు థియేటరుకంటె ముందు ఫోనుకే వస్తున్నది. కరపత్రం మీద అచ్చువేసిన నలుపు తెలుపు గళ్ళ చదరాన్ని ఫోను చూడగానే ట్రైలరు తెరుచుకుంటుంది. పని సులభమైంది, కాని పై వరుస మారలేదు.

ఇదంతా ఒక టిక్కెట్టు కోసం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలపై వేట నిషేధం ఉంటుంది. పెద్ద చిత్రాలు కొన్ని విడుదలయ్యేదీ వేసవిలోనే. మత్స్యకార కుటుంబాలకు అప్పుడు తీరిక ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. పిల్లలతో ఒక్క ఆటకు పోవాలంటే ఏ చిత్రమన్నది ఆలోచించి ఎంచుకోవాలి. అటువంటి వారికి ట్రైలరు, పోస్టరు కలిసి చెప్పిన కబురు అబద్ధమైతే ఆ నష్టం నష్టమే. చట్టం ఇందులో కొంతవరకే తోడుపడుతుంది. థియేటరులో చూపే ట్రైలరుకు 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టం ప్రకారం ధ్రువపత్రం కావాలి. కాని చూపినదంతా చిత్రంలో ఉండితీరాలన్న నియమం లేదు. 2016లో వచ్చిన ఒక హిందీ చిత్రం ట్రైలరులోని పాట చిత్రంలో లేదని ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల న్యాయస్థానానికి పోగా, ఆ వ్యాజ్యం చివరకు సుప్రీంకోర్టుకు చేరింది. ట్రైలరు అనేది ఒప్పందం కాదు, వాగ్దానమూ కాదు అని 2024లో తీర్పు వచ్చింది. తీర్పు సంగతి అట్లుండగా, ఊరి ప్రేక్షకుని లెక్క వేరు. తట్టిలేపిన జ్ఞాపకానికి తెరమీద జవాబు దొరకకపోతే, మొదటి ఆట చూసి వచ్చినవాడు ఆ మాట రెండవ ఆటకు ముందే బస్టాండులో చెబుతాడు.

ఈ విషయాలను ఉన్నత పాఠశాలలో పరీక్షించి చూడవచ్చును. తరగతికంతటికీ మూడు నిమిషాల చలనచిత్రం ఒకటి, ఏ విజ్ఞానవిషయం గురించినదైనా సరే, ఒకసారి చూపాలి. వారం తరువాత చీట్లు తీసి విద్యార్థులను మూడు జట్లుగా విడదీయాలి. మొదటి జట్టుకు చిత్రంలోని ఒక దృశ్యం గీసిన పటం, రెండవ జట్టుకు అదే విషయం గురించి చిత్రంలో లేని బొమ్మతో గీసిన పటం చూపాలి. మూడవ జట్టుకు ఏమీ చూపరాదు. తరువాత ముగ్గురినీ గుర్తున్నవన్నీ రాయమని, పటంలో ఉన్న అంశాన్ని వదిలి మిగిలినవే లెక్కపెట్టాలి. లేకపోతే మొదటి జట్టుకు ఊరికే ఒక మార్కు కలిసివస్తుంది. తీరపు పాఠశాలలైతే దీనికి తోడు ఒకే పోస్టరు ప్రతులు రెండు సంపాదించి, ఒకటి సముద్రంవైపు గోడకు, ఒకటి తరగతి లోపలి గోడకు అంటించి, ఏ రంగు ముందు వెలిసిందో, ఏ అంచు ముందు లేచిందో నెల రోజులపాటు వారం వారం రాసి ఉంచాలి.